ముద్ర మీద రాసిన షరతు

ఇరవై ఏళ్లు దాటింది, ఒక షరతును మోస్తున్నాను. పెద్దదేమీ కాదు. మూడు వరసలు. నా చేతిరాతే. మున్సిపల్ ఆఫీసు బీరువాలో, గ్యాసు కంపెనీకి ఇచ్చిన లైసెన్సు పుస్తకంలో, కడపటి పేజీలో ఉంది. దాన్ని చదివి మెచ్చుకున్న పెద్దవాళ్లున్నారు. కడప వైపు రెండు మూడు ఊళ్లవాళ్లు దాన్ని అక్షరం పోకుండా రాసుకొని వెళ్లారు. దాన్ని నేను ఏ రోజు రాశానో, ఏ గంటలో రాశానో, అప్పుడు నా చేయి ఎలా ఉందో, అది మాత్రం ఎవరికీ తెలియదు.

నా పేరు చెప్పను. పిరికివాణ్ని. ఆ సంగతి ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే నాకు ధైర్యంగా ఉంది. తెలిసినవాళ్ల మొహం చూసి చెప్పగలిగి ఉంటే ఎప్పుడో చెప్పి ఉండేవాణ్ని, కాదా? ఏమో. ఆ మాట కూడా నిజమో కాదో నాకు తెలియదు.

మాది కర్నూలుకూ కడపకూ మధ్య ఒక ఊరు. పెద్ద యుద్ధం, అంటే మొదటిది, ముగిసిన తర్వాతి మాట. నేను మున్సిపల్ ఆఫీసులో గుమాస్తాను. ఇంగ్లీషు కాగితాలను తెలుగు చేయడం నా పని. ఆఫీసులో నా అంతటి ఇంగ్లీషు వచ్చినవాడు లేడని నాకో పొగరు ఉండేది. చేర్మన్ గారు కూడా నన్ను పిలిచి అడిగేవారు, ఈ మాటకు అర్థమేమయ్యా అని. ఆ పిలుపు కోసం ప్రాణం పెట్టేవాణ్ని.

అప్పట్లో మా బజారు వీధికి కిరసనాయిలు దీపాలే. గాలి వీచిందంటే సగం ఆరిపోయేవి. గుడ్డల అంగడి సెట్టి గారు ఒకరు మదరాసు పోయి గ్యాసు దీపాలు చూసి వచ్చారు. వచ్చిందే తడవుగా తానూ ఇంకో ఇద్దరు వర్తకులూ కలిసి కంపెనీ పెడతామన్నారు. మదరాసులో ఉన్నది బొగ్గు గ్యాసు. ఇక్కడ బొగ్గు ఎక్కడ తెచ్చేది? అందుకని కార్బైడు. బూడిద రంగు రాయి, డబ్బాల్లో వస్తుంది. దాని మీద నీళ్లు పడితే గ్యాసు పుడుతుంది. ఊరి చివర ఒక షెడ్డు వేసి, అందులో గ్యాసు చేసి, బజారు పొడుగునా ఇనుప గొట్టాలు పాతి, అంగడి అంగడికీ దీపం ఇస్తామన్నారు.

గొట్టాలు పాతాలంటే రోడ్డు తవ్వాలి. రోడ్డు మున్సిపాలిటీది. ఏ చట్టం కింద తవ్వనివ్వాలి? ఎవరికీ తెలియదు. కౌన్సిలులో ఒకటే రభస. చివరకు చేర్మన్ గారు నా వైపు చూశారు.

నేను మదరాసు నుంచి పుస్తకాలు తెప్పించాను. అబ్బ, ఆ చదువు! సీమలో, అంటే ఇంగ్లండులో, గ్యాసు కంపెనీల కోసం చట్టం మీద చట్టం చేశారు దొరలు. వీధి ఎవరు తవ్వవచ్చు, తవ్విన గుంత ఎవరు పూడ్చాలి, గొట్టంలో గ్యాసు ఎంత ఒత్తిడితో రావాలి, దీపం ఎంత వెలగాలి, ధర ఎంతకు మించకూడదు, తనిఖీకి ఎవరు వస్తారు. మొదట కంపెనీలు ఇష్టారాజ్యంగా వీధులు తవ్వి, ఒకరి గొట్టం పక్కన ఒకరు గొట్టం వేసి, జనాన్ని పీడించాయట. ఒక్కొక్క పీడ మీద ఒక్కొక్క చట్టం పుట్టిందట. మన దేశంలో కరెంటుకు చట్టం ఉంది. కిరసనాయిలుకూ పెట్రోలుకూ ఉంది. కార్బైడు నిలవ చేయడానికి ఆ పెట్రోలు చట్టం వెనక తోకలాగ కొన్ని నిబంధనలు ఉన్నాయి. ఒక చిన్న ఊరికి గొట్టాల్లో గ్యాసు ఇచ్చే కంపెనీకి మాత్రం మా వాళ్లకు పనికొచ్చే చట్టమేదీ నాకు కనపడలేదు. అక్కడొక ముక్క, ఇక్కడొక ముక్క కత్తిరించి, మున్సిపాలిటీకి ఉన్న అధికారం కింద షరతులుగా కుట్టమన్నారు నన్ను.

కుట్టాను. రెండు నెలలు ఇంట్లో కూడా ఆ పుస్తకాలే. ఎంత మురిసిపోయానో చెప్పలేను. ఊరికి చట్టం రాస్తున్నాను నేను!

కార్బైడు నిబంధనల్లో ఒకచోట ఆగిపోయాను. గ్యాసు పుట్టాక మిగిలే తెల్లటి ముద్ద గురించి రాశారు. దాన్ని బయట గుంతలో, పైన కప్పు లేకుండా, మూత వేయకుండా, బాగా నీళ్లు పోసి, కొన్ని రోజులు అలా వదిలేయాలి, దీపం గానీ నిప్పు గానీ దగ్గరికి తేకూడదు, అంతవరకూ ఎవరికీ ఇవ్వకూడదు అని. ఆ మిగిలే ముద్ద సున్నం. వట్టి సున్నం. సున్నానికి ఇంత హడావుడి దేనికో నాకు అర్థం కాలేదు.

ఆ రోజు ఆఫీసు వసారాకు ఖాసిం సాబు సున్నం కొడుతున్నాడు. ఖాసిం గురించి చెప్పాలి. దూదేకులవాడు. ఇంట్లో కూడా తెలుగే మాట్లాడతారు వాళ్లు. వాళ్ల నాయన కాలం నుంచి ఊళ్లో సున్నం పని వాళ్లదే. మా ఇంటికి అతనే, ఆఫీసుకు అతనే. పీర్ల పండగ వస్తే చావిడికి కూలి తీసుకోకుండా కొట్టేవాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. కుంచె చేతిలో ఉంటే మాటలు ఆగవు. అతని భార్య మస్తానమ్మ సున్నం కలిపి ఇస్తూ పక్కనే ఉండేది. ఆమె మాత్రం మాట్లాడేది కాదు, అతని మాటలకు నవ్వుతుండేది.

నేను ఖాసింను పిలిచి అడిగాను. సున్నం తెలిసినవాడు కదా అని. పుస్తకంలో రాసింది చదివి తెలుగులో చెప్పాను.

అతను కుంచె కింద పెట్టి నవ్వాడు. "మూత ల్యాకుండానా? ఎవురు సామీ రాసింది? వాళ్ల దేశంలో ఎండ ఉండాదా అసలు? ఈడ సున్నం ముద్ద మూత తీసి పెడితే మాపటికి రాయైపోతాది. తడి గోనె కప్పల్ల. గాలి తగలకుండా లోపల పెట్టల్ల. మా నాయన గవాచి గూడా మూసి పెడతాండె."

గవాచి అంటే మా వైపు మట్టి మిద్దెల కప్పులో వెలుతురు కోసం పెట్టే రంధ్రం.

నేను కూడా నవ్వాను. గట్టిగా నవ్వాను. దొరల పుస్తకం మీద మా ఊరి సున్నంవాడు గెలిచాడని నాకు ఎంతో సంతోషం వేసింది. ఎండలో సున్నం గడ్డ కట్టిపోతుందని ఆ పుస్తకం రాసినవాడికి తెలియదు, నాకు తెలుసు. ఆ నిబంధన వదిలేశాను. తెలుగులో దాన్ని రాయనేలేదు.

ఇది పొరపాటు. ఇంతవరకూ ఇది పొరపాటే. దీనికి నన్ను ఎవరూ ఉరి తీయరు. దీన్ని ఒప్పుకోవడానికి ఇరవై ఏళ్లు పట్టేది కాదు. ఆ రాయి మొత్తం ఒక్కసారిగా కరగదనీ, ముద్ద లోపల చిన్న చిన్న పలుకులు మిగిలిపోతాయనీ, తడి గోనె కింద అవి మెల్లగా గ్యాసు కక్కుతూనే ఉంటాయనీ నాకు తెలియదు. ఖాసింకు తెలియదు. కానీ తెలుసుకోవలసినవాణ్ని ఎవరు? పుస్తకం ఎవరి ముందుంది?

షరతులు నేనే మంచి అక్షరాలతో రాశాను. మా ఆఫీసులో ఒక అలవాటు ఉండేది. కడపటి షరతుకూ చేర్మన్ గారి సంతకానికీ మధ్య నాలుగు వరసల జాగా వదిలేవాళ్లం. ఆ జాగాలో ఊదారంగు ముద్ర పడేది. ఈ పుస్తకంలోనూ అలాగే వదిలాను. ముద్ర పడింది. సంతకం పడింది. కంపెనీకి ఒక నకలు ఇచ్చాం. దాని మీదా అదే ముద్ర.

దీపాలు వెలిగాయి. బజారు వీధి చూడ్డానికి కోవెలకుంట్ల నుంచి కూడా బండ్లు కట్టుకొని వచ్చారు. గుడ్డల అంగట్లో పొద్దు గూకినాక కూడా చీర రంగు తెలుస్తోందని ఆడవాళ్లు చెప్పుకున్నారు. షెడ్డులో సున్నం గుట్టలు గుట్టలుగా పడేది. దాన్ని వదిలించుకోవడమే సెట్టి గారికి పనైంది. పీర్ల పండగ దగ్గర పడుతుంటే తన బండిలోనే ఖాసిం ఇంటికి తోలించారు, చావిడికి కొట్టమని. ఆ బండి మా ఆఫీసు ముందు నుంచే పోయింది. నేను చూశాను. ఇది గుర్తుపెట్టుకోండి, చూశాను.

ఖాసిం ఆ సున్నాన్ని తన ఇంటి పక్క కొట్టంలో వేసి, తండ్రి నేర్పినట్టే తడి గోనెలు కప్పాడు. గవాచి మీద బండ వేశాడు. తలుపు మూశాడు. పని తెలిసినవాడు ఎలా చేస్తాడో అలాగే చేశాడు.

రెండు రోజుల తర్వాత, మధ్యాహ్నం, ఆఫీసులో కూర్చున్న మాకు ఒక చప్పుడు వినిపించింది. కిటికీ రెక్కలు అదిరాయి. అందరూ బయటికి పరిగెత్తారు. నేను లేచాను, గుమ్మం దాకా వచ్చాను. అప్పటికే వీధిలో అరుస్తున్నారు. ఖాసిం సాబు కొట్టం పేలిపోయిందనీ, మస్తానమ్మ సున్నం తేవడానికి బుడ్డి దీపం పట్టుకొని లోపలికి పోయిందనీ, ఖాసిం వెనకనే ఉన్నాడనీ, మిద్దె కూలిందనీ.

నేను గుమ్మంలో ఆగిపోయాను. వెనక్కి తిరిగాను. ఆ మదరాసు పుస్తకం తీశాను. పేజీ వెతకనక్కర లేకపోయింది, అదే తెరుచుకుంది. మూత వేయరాదు. దీపం తేరాదు. చదివాను. మళ్లీ చదివాను.

తర్వాత లైసెన్సు పుస్తకం తీసి కలం అందుకున్నాను.

మీరు ఇది సరిగ్గా అర్థం చేసుకోవాలి. వాళ్లు బతికి ఉన్నారా లేదా అని నేను ఇంకా అడగలేదు. ముందు కలం. ఎవరూ నన్ను అడగలేదు, ఎవరూ బెదిరించలేదు, ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఆఫీసులో ఎవరూ లేరు. మూడు వరసలు రాశాను, ముద్ర పడిన ఆ జాగాలో, ఆ నిబంధనను పూస గుచ్చినట్టు తెలుగు చేసి. చేయి వణకలేదు. అదే నాకు ఇప్పటికీ అర్థం కాదు. తర్వాత ఎన్నో రోజులు వణికింది, ఆ క్షణంలో మాత్రం వణకలేదు. అక్షరాలు ముత్యాల్లాగ వచ్చాయి.

ఎందుకు రాశాను? భయం. ఉద్యోగం పోతుందనా? జైలు అనా? పెండ్లాం పిల్లల గతి ఏమిటనా? అవన్నీ తర్వాత కల్పించుకున్న సమాధానాలేమో అనిపిస్తుంది. ఒక్కోసారి అనిపిస్తుంది, నేను భయపడింది చేర్మన్ గారి మొహానికి అని. ఈ మాటకు అర్థమేమయ్యా అని ఇక ఎప్పుడూ నన్ను పిలవరని. ఛీ, అంత చిన్న సంగతికా? అంత చిన్న సంగతికే.

పొద్దు వాలకముందే సెట్టి గారు వచ్చారు. మొహం పాలిపోయి ఉంది. నా బల్ల మీద తెరిచి ఉన్న పుస్తకాన్ని చూశారు. ఆ జాగాను చూశారు. తమ నకలు చంకలోంచి తీసి నా ముందు పెట్టి, ఆకు ఉమ్మేసి వస్తానని బయటికి వెళ్లారు. శానా సేపు రాలేదు. వచ్చేసరికి నకల్లో కూడా మూడు వరసలు ఆరి ఉన్నాయి. మేమిద్దరం ఆ సంగతి ఆ రోజూ మాట్లాడలేదు, ఆయన పోయేదాకా మాట్లాడలేదు.

మస్తానమ్మ మూడో రోజు పోయింది. ఖాసిం బతికాడు. కళ్లు రెండూ పోయాయి.

విచారణకు సబ్ కలెక్టరు దొర వచ్చారు. మా ఆఫీసులోనే కూర్చున్నారు. సున్నం మేము ఇవ్వలేదు, వెనక గోడ దూకి తీసుకొని పోయినట్టున్నాడు అని కంపెనీ తరపున చెప్పారు. తమ బండిలోనే తోలినవాళ్లు చెప్పారు ఆ మాట. బండిని కళ్లతో చూసిన నేను గోడ పక్కన నిలబడి విన్నాను. దొర లైసెన్సు పుస్తకం తెప్పించారు. తెలుగు కొంచెం చదివేవారు. వేలు పెట్టి చదువుకుంటూ చదువుకుంటూ చివరి పేజీకి వచ్చారు. ముద్ర దగ్గర వేలు ఆగింది.

ఊదారంగు ముద్ర. నా నల్ల సిరా. ముందు రాసి తర్వాత ముద్ర వేస్తే, ఊదారంగు అక్షరాల మీదుగా పోవాలి. ఇక్కడ నా అక్షరాలే ఊదారంగు మీదుగా పోతున్నాయి. కొంచెం వెలుతురుకు ఎత్తి చూస్తే చాలు. ఆయన పుస్తకాన్ని ఎత్తారు. కిటికీ వైపు తిప్పారు. ఆయన చూస్తే బాగుండు అని ఒక్క క్షణం నిజంగా అనుకున్నాను. అయిపోతుంది, ఇక్కడితో అయిపోతుంది అని. మరుక్షణమే నాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను. అహోబిలం నరసింహస్వామికి కొండ ఎక్కి వస్తానని మొక్కాను. ఏ మొహం పెట్టుకొని మొక్కాను?

ఇది ఎవరు రాశారు అని అడిగారు దొర. నేనే అన్నాను. మంచి ముందుచూపు అన్నారు. పుస్తకం మూశారు.

నరసింహస్వామి కొండ ఈనాటికీ ఎక్కలేదు. ఆ మొక్కు తీర్చే ధైర్యం కూడా లేకపోయింది.

దొర ఖాసిం మీద జాలిపడ్డారు. వాడికి పడిన శిక్ష చాలు, కేసు వద్దు అన్నారు. అయితే షరతు తెలిసే సున్నం తీసుకున్నానని అతని వాంగ్మూలం, వేలిముద్ర కావాలన్నారు. ఎవరు పోయి తెస్తారు? తెలుగు రాతలన్నీ నావే కదా.

ఆసుపత్రి వసారాలో చాప మీద పడుకొని ఉన్నాడు. కళ్ల మీద గుడ్డ కట్టి ఉంది. చేతులు మటుకు బాగున్నాయి, పొట్ట మీద పెట్టుకొని ఉన్నాడు. మస్తానమ్మను పూడ్చి అప్పటికి ఆరు రోజులు. నేను దగ్గాను.

"రాయసం సామీనా?"

"నేనే ఖాసిమూ."

నేను వాంగ్మూలం చదివాను. చాలా వేగంగా చదివాను. షరతు దగ్గరికి వచ్చేసరికి అతను తల తిప్పాడు.

"సామీ, ఆ మూత మాట... ఆ పొద్దు నుంచే ఉండాదా కాగితంలో?"

"ఉండాది."

"మీరు చదివి చెప్తిరి. నేను నవ్వితిని. మీరు గూడా నవ్వినట్టు గుర్తు సామీ. ఆ రాత కొట్టేస్తారనుకుంటి."

ఇప్పుడు చెప్పాలి. ఇప్పుడే. వసారాలో ఇంకెవరూ లేరు. అతని కళ్లకు నేను కనపడను కూడా. ఇంత సులభంగా నాకు దేవుడు ఇంకెప్పుడు ఇస్తాడు?

"నేను నవ్వలేదప్పా," అన్నాను. "రాతలో ఉండాదని అప్పుడే చెప్పినా. నీవే వినలే."

పొట్ట మీద అతని చేతులు కదిలాయి.

"అట్లైతే మస్తానమ్మను నేనే సంపుకుంటి సామీ."

నేను సిరాబుడ్డి మూత తీశాను.

"వేలు యాడ పెట్టల్ల?"

అతనికి కనపడదు కదా. నేనే అతని బొటనవేలు పట్టుకొని సిరాలో అద్ది, కాగితం మీద పెట్టి ఒత్తాను. సున్నానికి పగిలి పగిలి గరుకుగా ఉంది ఆ వేలు. గీతలు సరిగా పడలేదు. రెండోసారి ఒత్తాల్సి వచ్చింది. రెండోసారి నేను చెప్పకుండానే తనే వేలు చాచాడు.

ఇదీ నేను చేసింది. షరతు వదిలేయడం కాదు. దొంగరాత కూడా కాదు. ఒక మనిషిని, తన భార్యను తానే చంపుకున్నానని నమ్మించాను. పనిమంతుడు పని సరిగ్గా చేసినందుకు, నా మాట నమ్మినందుకు. ఊళ్లో వాళ్లు దొంగ అన్నారు. ఆ మాటకు అతను బాధపడ్డాడో లేదో నాకు తెలియదు. సున్నం తాను దొంగిలించలేదని అతనికి తెలుసు. రెండో సంగతి మాత్రం అతనికి తెలియదు. నేను చెప్పిందే తెలుసు.

తర్వాతి సంవత్సరాల్లో నాకు హెడ్ గుమాస్తా పని వచ్చింది. పక్క ఊళ్ల నుంచి గ్యాసు షరతుల నకలు కావాలని వచ్చేవాళ్లు. ఆ ఒక్క షరతును మెచ్చుకోని వాళ్లు లేరు. మదరాసు నుంచి తనిఖీకి వచ్చిన ఒకాయన, మిగతావి ఎవరైనా రాస్తారు, ఇది మాత్రం ఊరిని ఎరిగినవాడే రాయగలడు అన్నాడు. అదీ సంగతి. నేను చేతులు కట్టుకొని నిలబడ్డాను.

ఖాసిం దర్గా మెట్ల మీద కూర్చొని తాళ్లు పేనేవాడు. కళ్లు లేకపోయినా చేతులకు పని కావాలన్నాడు. గ్యాసు సున్నం మోసుకొని ఎవరు ఆ దారిన పోయినా వాసనతో పట్టేవాడు. వెల్లుల్లి కుళ్లినట్టుండే ఆ వాసన. పిలిచి నిలబెట్టేవాడు. "మూత వెయ్యద్దప్పా. గాలికి పెట్టు. దీపం తీసకపోవద్దు. కాగితంలో రాసి ఉండాది. నేను వినక నా ఇంటిదాన్ని పొట్టన పెట్టుకుంటి" అనేవాడు. ప్రతిసారీ అదే మాట. వచ్చినవాడు చిన్నవాడైనా సరే, పెద్దవాడైనా సరే. ఊళ్లో మళ్లీ ఎవరి కొట్టమూ పేలలేదు.

దీన్ని పట్టుకొని నన్ను నేను ఓదార్చుకున్న రోజులున్నాయి. దొంగరాతే అయినా నాలుగు ప్రాణాలు కాపాడింది కదా, అదే లేకపోతే ఇంకెంతమంది పోయేవారో కదా, చట్టాలన్నీ ఎవరో ఒకరు పోయిన తర్వాత పుట్టినవే కదా, సీమలో దొరలు చేసినవి కూడా అంతే కదా అని. ఎంత చక్కటి వాదన! వకీలు కూడా ఇంత చక్కగా చెప్పడు. కానీ ఆ దొరలెవరూ తమ చట్టం ప్రమాదానికి ముందే ఉందని చెప్పి చచ్చినవాడి మీదికి తోయలేదే. ప్రమాదం జరిగింది, అందుకని చట్టం చేశాం అన్నారు. నేనూ ఆ మాట అని ఉండవచ్చు. మరుసటి రోజు, కొత్త పేజీలో, తేదీ వేసి, నిజంగా రాసి ఉండవచ్చు. అప్పుడు కూడా ఆ షరతు అంతే కాపాడేది. ఖాసిం ఆ మెట్ల మీద కూర్చొని అంతే చెప్పేవాడు. ఒక్క వాక్యం మాత్రం చెప్పేవాడు కాదు.

ఒకసారి వెళ్లాను. నాకు పింఛను వచ్చిన ఏడాది. చెప్పేయాలని ఇంట్లోనే గట్టిగా అనుకొని బయల్దేరాను. దారి పొడుగునా మాటలు పేర్చుకున్నాను. దర్గా మెట్ల దగ్గరికి పోయి నిలబడ్డాను. నేను దగ్గకముందే అతను తలెత్తాడు.

సామీ వచ్చినారా అని పలకరించాడు. మీ బాయికి చేద తాడు పాతదైపోయి ఉంటాదే అన్నాడు. తాను పేనిన తాడొకటి వెతికి, చేత్తో తడిమి, గట్టిదని తేల్చుకొని నా చేతిలో పెట్టాడు. నేను వద్దనలేదు. తాడు పట్టుకొని ఇంటికి వచ్చాను. మా ఇంటి బావిలో ఈనాటికీ ఆ తాడుతోనే నీళ్లు చేదుతారు. మా కోడలు మంచి తాడు మామా అంటుంది.

పోయిన ఎండాకాలం ఖాసిం పోయాడు. గోరీల దాకా నడిచాను. అందరూ మన్ను వేశారు. నా పిడికిలి తెరుచుకోలేదు. ముసలాయనకు చేతకాలేదనుకొని ఎవరో నా చేతిని పట్టుకొని తెరిచారు.

ఇప్పుడు ఊరికి కరెంటు వస్తోంది. స్తంభాలు పాతుతున్నారు. గ్యాసు గొట్టాలు తవ్వి తీసేస్తున్నారు. కరెంటు కంపెనీ కాగితాల కోసం పాత లైసెన్సు పుస్తకం చూస్తున్నామని, ఒకసారి వచ్చి సాయం చేయమని ఆఫీసు నుంచి కబురు వచ్చింది. కొత్తగా వచ్చిన గుమాస్తా మంచివాడు. మీ షరతుల్లో ఆ కడపటిది చాలా బాగుంది సార్ అన్నాడు. అతను భోజనానికి పోయినప్పుడు పుస్తకం తెరిచాను. ఇన్నేళ్లకు. ఊదారంగు వెలిసిపోయింది. నా సిరా మాత్రం అలాగే ఉంది, ముద్ర మీదుగా.

ఈ కాగితాలు ఆ పేజీలోనే పెడుతున్నాను. పేరు లేకపోయినా చేతిరాత ఉంది. పోల్చుకునేవాళ్లు పోల్చుకుంటారు. నన్ను ఏం చేస్తారో మీ ఇష్టం. క్షమించమని మిమ్మల్ని అడగను. మీకు ఆ హక్కు లేదు. ఆ హక్కు ఉన్నవాడు నా చేతికి తాడు ఇచ్చి వెళ్లిపోయాడు. నేను చేసిందేమిటో తెలియకుండా వెళ్లిపోయాడు. ఒకటి మాత్రం చేయండి. పేజీని వెలుతురుకు ఎత్తండి. ముద్ర కింద, అక్షరాలు పైన. చూడండి.

చెప్పేశాను. తేలికైందా? కొంచెం అయింది. సిగ్గులేకుండా అయింది.

ఇంక ఒక్క మాట. అతను అడిగాడు, నేను జవాబు తప్పు చెప్పాను. దాన్ని సరిదిద్దకుండా కలం కింద పెట్టలేను.

ఖాసిమూ, ఆ మూత మాట ఆ పొద్దు కాగితంలో ల్యాదు. నీవు నవ్వితివి, నేను గూడా నవ్వితిని. మస్తానమ్మను నీవు సంపలేదప్పా.